సోమరాజు గారి నీళ్లగది

ఏలూరులో కాలవపక్క వీధంట పడమటికి వెళ్తే చిట్టచివర ఒక మేడ ఉంటుందండీ. ముఖం వీధికి, వీపు కాలవకి. సోమరాజు గారి మేడ అంటారు. పగలు దాని ముందు నించి ఎవరైనా వెళ్తారు. దీపాలు పెట్టాక మాత్రం పక్క సందులోకి మళ్లి చుట్టు తిరిగి వెళ్తారు. నేనూ అంతే. ఇందులో సిగ్గెందుకండీ?

ముందు గదులకి ఏ చెడ్డపేరూ లేదు. ఉన్నదంతా పెరట్లో ఉన్న నీళ్లగదికే. తాళం వేసిన ఇల్లు, పిట్ట మనిషి లేడు... అయినా రాత్రిపూట ఆ గదిమీద డాబా టాంకులో ఎవరో చెంబు ముంచినట్టు బుడుంగుమనేది. ఆ తరవాత పైపులోంచి నీళ్లు జారే చప్పుడు. ఇంకాసేపటికి దేన్నో గీకుతున్నట్టు — గర్ర్... గర్ర్...

రోజూ కాదు. అదే చిత్రం. కొన్ని రాత్రులు వినపడేది, కొన్ని రాత్రులు లేదు. అమావాస్యకీ కాదు, పున్నానికీ కాదు. ఓ లెక్కంటూ ఉంటే ఆ పూటకి జాగ్రత్త పడొచ్చు. లెక్కలేని దెయ్యంతో ఏం వేగుతామండీ?

"బాలింత నీళ్లు పోసుకుంటోంది" అనేవారు మా వీధి ఆడవాళ్లు. అనేసి తలుపులు బిడాయించుకునేవారు.

మీరు నమ్మాలని నేనేం బతిమాలను. ఈ పాపారావు సోడాలు అమ్ముకుంటాడు గానీ కబుర్లు అమ్ముకోడు. ఆ వీధి మొగలోనే నా సోడా కొట్టు. నా కళ్లతో చూసింది కొంత, మొహిద్దీన్ నా బల్లమీద కూర్చుని తన నోటితో చెప్పింది కొంత. మధ్యలో ప్రశ్నలు మాత్రం వెయ్యకండి. నాకు చిరాకు.

సోమరాజు గారిది కొల్లేటికోట. కొల్లేటి చేపల్ని ఐసు గంపల్లో పెట్టి కలకత్తా బండికి ఎక్కించే వ్యాపారం. చేపల పడవలు రాత్రిళ్లు కాలవలో వచ్చి సరుకు దింపి తెల్లారకుండా వెళ్లిపోయేవి. ఆ వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసి ఏలూరులో మేడ కట్టారు. కట్టాక ఇంకేముంది, పట్నంలో ఉన్నవాళ్లకి ఏది ఉంటే అది తన ఇంట్లో ఉండాలి. అందులోనూ ఒక్కతే కూతురు కనకరత్నం. ఉండి అనే ఊరి దగ్గర మంచి సంబంధం చేశారు. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. కర్నూలు మనకి రాజధాని అయిందే, ఆ ఏడు.

కూతురికి పురుడు పొయ్యడానికని సోమరాజు గారు మద్రాసు నించి రాగి బాయిలరు తెప్పించారు. మామూలు బాయిలరు మీరు చూసే ఉంటారు. కింద బొగ్గులు, మధ్యలో పొగగొట్టం, పైన గరాటా. గరాటాలో చెంబుతో చన్నీళ్లు పోస్తే పక్క కుళాయిలోంచి వేణ్ణీళ్లు వస్తాయి. ఆయనకి ఆ చెంబుతో పొయ్యడం నామోషీ అనిపించింది. డాబా మీద సిమెంటు టాంకు కట్టించారు. టాంకు నించి బాయిలరుకి పైపు వేయించారు. పైపు మధ్యలో, చేతికందే ఎత్తులో, ఇత్తడి వాల్వు. వాల్వు తిప్పితే బాయిలరు నిండుతుంది, కట్టేస్తే ఆగుతుంది. మా వీధి వీధంతా వెళ్లి చూసొచ్చాం. నేనైతే రెండుసార్లు తిప్పి చూశాను కూడాను.

ఆ పైపూ వాల్వూ బిగించింది మొహిద్దీన్. ఏలూరులో పైపుల పనికి అతన్ని మించినవాడు లేడనేవారు. బక్క మనిషి, నెమ్మది మాట. సీసం కరిగించి మాట్లు పెట్టేటప్పుడు చుక్కలు ఎగిరిపడి అతని చొక్కాలనిండా చిల్లులే. భార్య మహబూబ్ బీ కొన్ని కుట్టేది, కొన్ని విసుగుపుట్టి వదిలేసేది.

వాల్వు లోపల తోలు వాషరు ఉంటుందండీ. ఉత్త తోలు వేస్తే నీళ్లు తాగి ఉబ్బి దారి మూసేస్తుంది. అందుకని మొహిద్దీన్ వాషర్లని రాత్రంతా ఆముదంలో నానేసి, తెల్లారి తుడిచి బిగించేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. కథంతా ఇక్కడే ఉంది.

శ్రావణమాసం. కాలవకి కొత్తనీరొచ్చి ఎర్రగా పారుతోంది. వాళ్ల బావిలో ఉప్పునీళ్లు, అంచేత కావిళ్లతో కాలవ నీళ్లే మోసి టాంకు నింపించారు. పురుటి స్నానం రోజు. ఇంటినిండా చుట్టాలు, పసిపిల్లవాడి ఏడుపు, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. పనిమనిషి వాల్వు తిప్పింది, బొగ్గులు రాజేసింది. ఆ గోలలో నీళ్ల చప్పుడు వచ్చిందో రాలేదో ఎవరు విన్నారు?

రాలేదండీ. చుక్క నీళ్లు రాలేదు. ఖాళీ బాయిలరు కింద బొగ్గులు కణకణ మండుతున్నాయి.

కనకరత్నం నలుగు పెట్టించుకుని పీటమీద కూర్చుంది. తల్లి రాజేశ్వరమ్మ గారు వేణ్ణీళ్ల కుళాయి తిప్పితే ఏమీ లేదు. ఇదేంటి అని వాల్వు దగ్గరికెళ్లి దాన్ని అటూ ఇటూ గట్టిగా తిప్పారు. అప్పుడు... అప్పుడొచ్చాయి నీళ్లు. ఎర్రగా కాలిపోయిన రాగిలోకి చన్నీళ్లు, ఒక్క ఉదుటున.

ఆ పేలుడు నా కొట్టుదాకా వినపడింది. సోడాకాయ పగిలిందనుకుని నా గంపలకేసి చూసుకున్నాను. గదినిండా సలసలమనే ఆవిరి. రాజేశ్వరమ్మ గారు గోడవార ఉన్నారు గనక కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. కనకరత్నాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లారు గానీ... పోయింది. పాతికేళ్లు లేవండీ ఆ పిల్లకి. పసివాణ్ణి ఉండి అత్తింటివాళ్లు తీసుకుపోయారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కించలేదు.

సోమరాజు గారికి పిచ్చెత్తినట్టయింది. నడివీధిలో నిలబడి అరిచారు. వాషరుకి ఆముదం పట్టించకుండా బిగించాడు, తోలు ఉబ్బి దారి మూసుకుపోయింది, నా బిడ్డని మొహిద్దీనే చంపాడు అని. ఎవరో వాల్వు విప్పి చూద్దామన్నారు. ఆ గది ముట్టుకున్నవాడి చేతులు నరుకుతానన్నారు. తాళం వేశారు. ఇంటికీ తాళం వేసి, భార్యని తీసుకుని కొల్లేటికోట వెళ్లిపోయారు. ఆ తరవాత కొన్నాళ్లకే మొదలైంది ఆ నీళ్ల చప్పుడు.

ఊరు మొహిద్దీన్‌కి పనివ్వడం మానేసింది. అతని వాళ్లే ఇవ్వలేదండీ, ఇంక మనవాళ్లు ఎక్కడిస్తారు? పైపులు బిగించిన చేతులతో పాత లాంతర్లకి మాట్లు పెట్టుకుంటూ బతికాడు. ఒకసారి నేనే కోప్పడ్డాను. "నువ్వు ఆముదం పట్టించావా లేదా? పట్టించానని గట్టిగా ఒక్క మాట అనవేం?" అని.

అతను నా మొహంకేసి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"పట్టించాననే అనుకుంటున్నానండీ పాపారావు గారూ. కానీ ఆ వాషరు పట్టించినట్టు గుర్తు లేదండీ. ఎంత తల్చుకున్నా గుర్తు రావట్లేదు."

అదండీ అతన్ని తిన్నది. పని పోవడం కాదు. ఆ పిల్లని చంపింది తనా కాదా — అది తెలీకపోవడం. మహబూబ్ బీ చెప్పేది, నిద్రలో వేళ్లు గుండ్రంగా తిప్పుతూ ఉంటాడని.

కొన్నేళ్లకి సోమరాజు గారు కొల్లేటికోటలో కాలం చేశారు. కొడుకు తరఫున అల్లుడు మేడ అమ్మకానికి పెట్టాడు. దెయ్యాల కొంప ఎవరు కొంటారు? సరే, ముందు రాగీ ఇత్తడీ అమ్మేద్దామని పాత సామాన్లవాడికి కబురు పెట్టాడు. రేపో మాపో వచ్చి బాయిలరూ పైపులూ పీక్కుపోతాడని తెలిసింది.

ఆ సాయంత్రం మొహిద్దీన్ నా కొట్టుకొచ్చాడు. వాల్వు పోతే తనకి ఇంకెప్పటికీ తెలీదన్నాడు. ఇవాళ రాత్రి విప్పి చూస్తానన్నాడు. పగలెళ్తే దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటారు, అందుకని రాత్రే. నన్ను తోడు రమ్మని అడిగాడు. నేను వెళ్లలేదు. మీరైతే వెళ్లేవారా? చెప్పకండి, నాకు తెలుసు.

పెరటిగోడ ఓ పక్క కూలిపోయి ఉంది. అక్కణ్ణించి లోపలికి దిగాడట. ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో పానా.

నీళ్లగది తలుపుకి తాళం లేదు. గొళ్లెం వేలాడుతోంది. దొంగలు తీసుంటార్లే అనుకున్నాడు. లోపలికి అడుగు పెట్టాక రాగి బాయిలరు కనపడింది, పొట్ట దగ్గర చీలిపోయి రేకు బయటికి విచ్చుకుని. దొంగలైతే దీన్నెందుకు వదిలేస్తారు? ఆ మాట తట్టాక లాంతరు వత్తి ఇంకాస్త పెంచానన్నాడు.

పీట ఇంకా అక్కడే ఉంది. పక్కన నలుగుపిండి గిన్నె కూడా.

అటు చూడకుండా వాల్వు దగ్గరికెళ్లాడు. తిప్పి చూశాడు. తిరుగుతోంది, అంటే కాడ విరగలేదు. కానీ అడుగుదాకా దిగట్లేదు... లోపల ఏదో అడ్డుపడుతోంది. వాషరు ఉబ్బినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. అయినా చూడకుండా ఎలా వెళ్తాడు? ఎడంచేత్తో పైపు పట్టుకుని, పానా బిగించాడు —

నెత్తిమీద బుడుంగుమంది.

మొహిద్దీన్ కదల్లేదు. పట్టుకున్న పైపు చేతిలోనే చల్లబడింది. పైపు నోట్లో బురద కదిలి, టాంకులో నిలిచిన వాననీళ్లు దిగుతున్నాయన్నమాట. కాసేపటికి అదీ ఆగింది. తరవాత — గర్ర్... గర్ర్... గర్ర్...

పారిపోదామనుకున్నాడట. అంత భయంలోనూ ఒకటే ఆలోచన వచ్చిందట. ఇవాళ పారిపోతే మళ్లీ రాలేను, నాకింక తెలిసే దారి లేదు. దెయ్యమైతే కానీ. దాన్నే అడుగుతాను, నిన్ను చంపింది నేనేనా అమ్మా అని.

గీకడం ఆగింది. మెట్లు దిగుతున్న అడుగులు... తడి అడుగులు. ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి దిగుతున్నాయి.

గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. తెల్లచీర, మోకాళ్లదాకా తడిసి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. చేతిలో కొబ్బరిచిప్ప, దాన్నిండా బురద. మొహం చూసే ధైర్యం లేక లాంతరు వెలుగులో చేతికేసి చూశాడు. కుడిచెయ్యి మోచేతిదాకా ముడతలు పడి కాలిపోయి ఉంది.

రాజేశ్వరమ్మ గారు!

ఆవిడ బెదరలేదు. ఇక్కడెందుకున్నావనీ అడగలేదు. చేపల పడవలో వస్తానని, పడవ వీర్రాజు పెరటి మెట్ల దగ్గర దింపి, సరుకు దించుకుని తిరిగి వెళ్తూ ఎక్కించుకుంటాడని చెప్పిందట, అదేదో బజారుకొచ్చినంత మామూలుగా. పడవ వచ్చిన రాత్రే చప్పుడు, రాని రాత్రి లేదు. మా వీధికి అందని లెక్క అదండీ. అన్నేళ్లూ మేం తలుపులేసుకున్నది ఆ ముసలావిడని చూసి.

"విప్పు నాయనా," అందట. "నాకు అది విప్పడం చేతకాలేదు."

అని గడపమీద కూర్చుంది.

మొహిద్దీన్ విప్పాడు. చిలుం పట్టి ఒక పట్టాన రాలేదు. వచ్చాక కాడని లాంతరు దగ్గర పెట్టి చూశాడు. తోలు వాషరు... నల్లగా, పల్చగా, వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఉబ్బలేదు. గోటితో నొక్కితే జిడ్డు తగిలింది. వాసన చూశాడు. ఆముదం.

గోడవైపు తిరిగి ఏడ్చానన్నాడు. చప్పుడు కాకుండా, నోట్లో చొక్కా చెయ్యి కుక్కుకుని. అన్నేళ్లకి ఒక్కసారిగా ఊపిరాడిందన్నాడు.

ఆ తరవాత, పనివాడి అలవాటు కదండీ, మరి అడ్డుపడిందేంటని వాల్వు నోట్లో వేలు పెట్టాడు. గట్టిగా, గుండ్రంగా తగిలింది. గోటితో పెళ్లగించి అరచేతిలో వేసుకున్నాడు. చొక్కా బొత్తామంత గింజ.

చిల్లగింజ.

కొల్లేటివాళ్ల ఇంట్లో అది లేకుండా ఉండదండీ. బురదనీళ్ల బిందె వస్తే చాలు, చిల్లగింజని రాతిమీద అరగదీసి ఆ గంధం నీళ్లలో కలుపుతారు. కాసేపటికి బురద అడుక్కి దిగి పైన నీళ్లు తేటపడతాయి. అరగదీసి కలపాలి, అంతేగానీ గింజ నీళ్లలో పడేసే వస్తువు కాదు. టాంకు మీద మూత ఉంది కదా ఏం పడుతుందిలే అని మొహిద్దీన్ పైపు నోటికి జల్లెడ పెట్టలేదు. కొల్లేటి ఆడపడుచు చేతి అలవాటు పైపులపనివాడికి ఏం తెలుస్తుంది?

వెనకనించి ఆవిడ గొంతు.

"ఏముంది లోపల?"

ఇతను తిరగలేదు. గుప్పిట మూసుకున్నాడు. ఆవిడే చెప్పుకుపోయిందట, గొంతు పెంచకుండా. కూతురికి ఆ ఎర్రనీళ్లతో పురుడు పొయ్యడానికి మనసొప్పలేదు. బిందె అయితే అరగదీసి కలిపేది, అంత టాంకుకి ఎంతకని అరగదీస్తుంది? తెల్లారకుండా డాబా ఎక్కి గింజలే వేసేసింది. నీళ్లు తేటపడితే నా తల్లి వొంటికి బావుంటుంది కదా అనుకుంది. మనిషి పోయాక, ఆస్పత్రి అరుగుమీద కూర్చుని ఉంటే, గింజలు గుర్తొచ్చాయి. భర్తకి చెప్పడానికి నోరు రాలేదు. నడివీధిలో నిన్ను అన్న మాటలన్నీ తలుపు చాటున నిలబడి విన్నాను నాయనా, అప్పుడూ నోరు రాలేదు అంది.

కొంగుముడి విప్పి లాంతరు వెలుగులో చాపింది.

"తొమ్మిది వేద్దామని తీసుకెళ్లాను. ఎనిమిదే దొరికాయి. వచ్చినప్పుడల్లా టాంకు అడుగంతా గీకుతున్నాను. తొమ్మిదోది పైన లేదు."

ఆ ఎనిమిదినీ మళ్లీ కొంగున ముడేసుకుంది.

"చీకట్లో మెట్లమీదే జారిపోయిందేమో. అలాగైతే నా బిడ్డని నేను చంపలేదు. ఇందులో ఉంటే నేనే చంపాను... చెప్పు నాయనా. ఉందా?"

ఇప్పుడు చెప్పండి, మీరేం చేసేవారు? గుప్పిట తెరిస్తే చాలు. పోయిన పేరు తిరిగొస్తుంది, పనొస్తుంది, మహబూబ్ బీ తలెత్తుకుని నీళ్లకెళ్తుంది. అతను వచ్చిందే దానికోసం. ఆవిడ మొహం చూశాడట. బతకడానికి ఆ ఒక్క 'ఏమో' తప్ప ఇంకేం మిగల్లేదు ఆ మొహంలో.

"లేదమ్మగారూ," అన్నాడు. "వాషరే ఉబ్బిందండీ. ఆముదం పట్టించడం మర్చిపోయాను. తప్పు నాదండీ."

"ఒట్టా?"

"అల్లా మీద ఒట్టండీ."

నమాజు తప్పని మనిషండీ అతను. ఆ ఒట్టు వేసేటప్పుడు నాలుక కాలినట్టయిందన్నాడు.

ఇతను మొహం తుడుచుకున్నట్టు తుడుచుకుని గింజని చొక్కాజేబులో వేసుకున్నాడు. వాల్వు మళ్లీ బిగించాడు. ఎందుకు బిగించాడో అతనికే తెలీదు. పానా తీసుకుని లేచాడు.

"లాంతరు ఉంచి వెళ్తావా నాయనా," అందట. "పడవొచ్చేదాకా చీకట్లో కూర్చోలేను."

పాపం అనుకుని ఉంచి వచ్చాడు.

తెల్లవారుతూ నేను కొట్టు తలుపు తీసేసరికి మొహిద్దీన్ నా బల్లమీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మీకు చెప్పిందంతా అప్పుడు చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడే పద, వీధంతా పిలిచి చెబుదాం అన్నాను. చెయ్యి పట్టుకున్నాడు. అమ్మగారు బతికున్నంతకాలం ఈ మాట పైకి రాకూడదన్నాడు. మరి నీ పేరు అన్నాను. నాకు తెలిసింది కదండీ, చాలన్నాడు. తప్పుడు ఒట్టుకి దేవుడి దగ్గర జవాబు చెప్పుకుంటానన్నాడు. గింజ ఏదీ చూపించమంటే జేబుమీద చెయ్యేసి, తరవాత చూద్దురుగాని అని ఆవలించాడు.

అలాగే బల్లమీద ఒరిగి నిద్రపోయాడు. వేళ్లు తిప్పలేదు. నేను కనిపెట్టుకుని చూశాను గనక చెబుతున్నాను, ఒక్కసారి కూడా తిప్పలేదు. సోడాలు కొడితే చప్పుడుకి లేస్తాడని ఆ పొద్దున వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేశాను.

మధ్యాహ్నం దాటాక పడవ వీర్రాజు వచ్చాడు. కైకలూరు దాకా నడిచి అక్కణ్ణించి బస్సులో వచ్చాడట. చేతిలో ఒక లాంతరు.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు.

చూడగానే పోల్చుకున్నాను, మొహిద్దీన్‌ది.

చీకటితోనే ఎక్కించుకున్నాడట ఆవిణ్ణి. ఎప్పుడూ చీకట్లో వచ్చి ఎక్కే మనిషి ఈసారి లాంతరు పట్టుకుని వచ్చింది. దారిపొడుగునా లాంతరు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. కొల్లేట్లో పడ్డాక మాత్రం తనలో తను అనుకున్నట్టు ఒక మాటంది. సాయిబు మంచివాడు వీర్రాజూ, అబద్ధం చెప్పడం కూడా చేతకాదు అంది. ఇతనికేం అర్థం కాలేదు. గెడ వెయ్యడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి పడవ మొనలో లాంతరు ఒక్కటే ఉంది.

తామర తూడుల్లో చిక్కుకుని ఉంటే బయటికి లాగారు. ప్రాణం లేదు. కొంగున గట్టి ముడి ఉంది, ఎనిమిది చిల్లగింజలని వీర్రాజుకి తెలుసు. పడవెక్కినప్పుడల్లా విప్పి లెక్క పెట్టుకునేదట.

"ఇవాళ తొమ్మిదున్నాయండీ," అన్నాడు. "నేనే లెక్కపెట్టాను. తొమ్మిది."

మా మాటలకి మొహిద్దీన్ ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. బల్లమీద కూర్చుని వీర్రాజు చేతిలో లాంతరుకేసి చూస్తున్నాడు. మెల్లిగా చొక్కాజేబులో వేళ్లు పెట్టాడు.

వేళ్లు జేబు అడుగునించి బయటికొచ్చాయి. సీసం చుక్క పడి కాలిన చిల్లు. మహబూబ్ బీ కుట్టకుండా వదిలేసిన చిల్లు.

అతను ఆ వేళ్లని వెనక్కి తీసుకోలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత వీధివాళ్లందరికీ నేనే చెప్పాను. నమ్మారనుకున్నారా? గింజలు కొల్లేట్లోనే పారేశారు, వాల్వు పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. సాయిబు కట్టుకథ అల్లాడు, పాపారావు మోస్తున్నాడు అన్నారు. మొహిద్దీన్ పెళ్లాన్ని తీసుకుని తాడేపల్లిగూడెం వెళ్లిపోయాడు. లాంతర్లకి మాట్లు పెట్టుకుంటున్నాడట. నిద్రలో మళ్లీ వేళ్లు తిప్పుతున్నాడని మహబూబ్ బీ కబురు చేసింది.

మేడ అలాగే ఉంది. పైపులు లేవు, బాయిలరు లేదు, టాంకు ఎండిపోయింది. చేపల పడవలు కూడా ఆ కాలవలో రావడం మానేశాయి.

చప్పుడు మాత్రం ఆగలేదండీ. మొన్న శ్రావణంలో కాలవకి కొత్తనీరొచ్చిన రాత్రి నేనే విన్నాను, కొట్టు కట్టి వస్తూ. బుడుంగుమనడం లేదు. గర్రుమని గీకడమూ లేదు. చాలా సన్నగా, నెమ్మదిగా, విసుగు లేకుండా... రాతిమీద గింజ అరగదీస్తున్న చప్పుడు.